ఇన్వర్టర్‌లోని నలుసు – మైకేల్ ఫారడే జీవితం

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్ర రాసి పంపవలసిందిగా మన కార్యదర్శి గారు కోరగా, నేను మైకేల్ ఫారడే పేరు చెప్పాను. జాబితాలో అప్పటికే జాతీయ నాయకులు, కవులు, సంఘ సంస్కర్తలు ఉన్నారు. ఇంగ్లండు శాస్త్రవేత్తతో మన సంఘానికి సంబంధమేమిటని ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. సంబంధాలు రెండున్నాయని మనవి చేశాను. ఆయన కూడా ప్రభుత్వ ఖజానా నుండి పెన్షన్ తీసుకున్న మనిషే. పైగా ఆ పెన్షన్ గురించి చులకనగా మాట్లాడిన ప్రధానమంత్రి చేత క్షమాపణ రాయించుకున్న మనిషి. రెండవ సంబంధం మన ఇళ్లలో మెట్ల కింద కూర్చున్న ఇన్వర్టర్ బ్యాటరీది. అది ఎండాకాలంలో ఎందుకు పాడవుతుందో, పాడవకుండా కరెంటును అదుపులో పెట్టే చిన్న నలుసు ఎక్కడి నుండి వచ్చిందో చెప్పాలంటే కథ 1833 దాకా వెనక్కు వెళుతుంది. ముందు మనిషిని గురించి చెప్పి, తరువాత నలుసు దగ్గరకు వస్తాను.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ శివారులో న్యూయింగ్టన్ బట్స్ అనే చోట పుట్టారు. తండ్రి జేమ్స్ కమ్మరి. కొలిమి పనికి ఒంట్లో సత్తువ చాలక తరచు మంచాన పడేవాడు. తల్లి మార్గరెట్ నలుగురు పిల్లలతో ఆ సంసారాన్ని ఈదుకొచ్చింది. 1801లో తిండిగింజల ధరలు మండిపోయినప్పుడు మైకేల్ చేతికి ఒక రొట్టె ఇచ్చి, వారమంతా దానితోనే సరిపెట్టుకోమన్నారట. చదువు అంటే అక్షరాలు, కూడికలు, అంతే. పదమూడో ఏట రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర ఇంటింటికీ పత్రికలు అందించి, చదివాక తిరిగి తెచ్చే కుర్రవాడిగా చేరారు. మరుసటి సంవత్సరం, 1805లో, అదే అంగడిలో బైండింగ్ పనికి శిష్యుడయ్యారు. ఏడేళ్ల ఒప్పందం.

మన ఆఫీసుల్లో పాత రిజిస్టర్లు బైండింగ్‌కు పంపేవాళ్లం గుర్తుందా? బైండర్ వాటిని కుట్టి అట్ట వేసి ఇచ్చేవాడేగాని లోపల ఏమున్నదో చూసేవాడు కాదు. ఈ కుర్రవాడు మాత్రం కుట్టిన ప్రతి పుస్తకమూ చదివాడు. విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన వ్యాసం అలాగే కంటపడింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ రసాయన శాస్త్రాన్ని సంభాషణల రూపంలో రాసిన పుస్తకం కూడా అలాగే దొరికింది. ఆవిడ పట్ల ఫారడే జీవితాంతం కృతజ్ఞతగా ఉన్నారు. చదివిన ప్రయోగాలను చేతిలో ఉన్న నాలుగు డబ్బులతో చేసి చూసేవారు. సాయంత్రం ఉపన్యాసాలకు షిల్లింగు రుసుము ఉండేది. కమ్మరి పనిచేసే అన్న రాబర్ట్ ఆ షిల్లింగులు ఇచ్చాడు. శాస్త్రవేత్తల చరిత్రలు రాసేవాళ్లు ఇటువంటి అన్నల గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. నాకైతే ఆ షిల్లింగులు పెద్ద మొత్తంగానే కనబడతాయి.

1812లో ఆయన స్వయంగా ఒక బ్యాటరీ కట్టారు. అరపెన్నీ రాగి నాణేలు ఏడు, అంతే సైజు జింకు బిళ్లలు ఏడు, మధ్యలో ఉప్పునీళ్లలో తడిపిన కాగితం ముక్కలు. వోల్టా అనే ఇటలీ దేశస్థుడు 1800లో ప్రకటించిన పద్ధతి అది. ఆ ఏడు నాణేల బ్యాటరీతోనే ఒక లవణాన్ని విడగొట్టి చూసి ఆ కుర్రవాడు మిత్రునికి ఉత్సాహంగా ఉత్తరం రాసుకున్నాడు.

అదే సంవత్సరం అంగడికి వచ్చే ఒక ఖాతాదారు, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నారు. విన్నదంతా రాసుకొని, ఇంటికి వచ్చి ఫెయిర్ కాపీ తీసి, బొమ్మలు గీసి, తన చేతితోనే బైండు చేసి డేవీకి పంపారు. సిఫారసు లేని మనిషికి పని తప్ప వేరే సిఫారసు ఏముంటుంది! డేవీ ప్రయోగంలో కళ్లకు దెబ్బ తగిలినప్పుడు కొద్ది రోజులు రాత పనికి ఇతన్ని పిలిచారు. ఆ తరువాత అక్కడి సహాయకుడు ఒకడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకోగా, 1813 మార్చి 1న ఆ ఖాళీలో ఫారడే నియమితులయ్యారు. జీతం వారానికి ఇరవై అయిదు షిల్లింగులు, పై అంతస్తులో రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. ఆ భవనమే దాదాపు యాభై ఏళ్లు ఆయన ఇల్లూ, ఆఫీసూ అయింది.

చేరిన కొద్ది నెలలకే డేవీ దంపతులతో యూరపు యాత్ర. 1813 అక్టోబరు నుండి 1815 ఏప్రిల్ దాకా. రావలసిన నౌకరు చివరి క్షణంలో రానన్నాడు. ఆ పని కూడా ఫారడే మీద పడింది. డేవీ గారి భార్య ఆయనను పనివాడిగానే చూసింది, భోజనం పనివాళ్లతోనే పెట్టించింది. ఒక దశలో వదిలేసి వెళ్లిపోదామనుకున్నారు. ఓర్చుకున్నారు. అందుకు ఫలితమన్నట్లు 1814లో మిలన్‌లో వోల్టాను కళ్లారా చూడగలిగారు. ఏడు నాణేల బ్యాటరీ కట్టిన కుర్రవాడికి అది చిన్న విషయం కాదు.

1821లో సారా బార్నార్డ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరిదీ శాండిమేనియన్లు అనే చిన్న క్రైస్తవ శాఖ. నిరాడంబరత ఆ శాఖ నియమం. పిల్లలు కలగలేదు. అన్యోన్యమైన కాపురం. అదే సంవత్సరం కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేటట్లు చేసి చూపించారు. మన ఫ్యాను తిరగడానికి మూలం అది. 1831 ఆగస్టు 29న ఇనుప కడియం మీద రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానిలో కరెంటు పెట్టినా తీసినా రెండవదానిలో క్షణకాలం కరెంటు పుడుతుందని కనుక్కున్నారు. నాగార్జునసాగర్‌లో నీళ్లతో తిరిగే జనరేటరుకూ, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరుకూ మూలం అదే. ఈ సంగతులు మన మనుమల పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి కనుక ఇక్కడ పొడిగించను.

పాఠ్యపుస్తకాల్లో లేనిది ఆయన నోటు పుస్తకం. మూడు దశాబ్దాలు పైబడి గుమాస్తాగా పనిచేసిన నాకు అందులో అన్నిటికంటె నచ్చినది పేరాల నంబర్లు. మనం నోట్ ఫైలులో పేరాలకు వరుసగా నంబర్లు వేసి, పైఅధికారికి పలానా పేరా చూడండి అని రాసేవాళ్లం కదా. ఫారడే తన ప్రయోగాల దినచర్యకు అదే పద్ధతి పెట్టారు. 1832 నుండి వరుస నంబర్లు వేసుకుంటూ పోయి, ఆఖరుకు పదహారు వేలు దాటించారు. ఫలించిన ప్రయోగం ఒక నంబరు, ఫలించనిది ఒక నంబరు. ఏ సంగతి ఎప్పుడు అవసరపడుతుందో తెలియదు గనుక ఏదీ వదలలేదు.

1833లో ఆయన చూస్తున్న విషయం ఇది: ఏ పదార్థాల గుండా కరెంటు పోతుంది, పోయేటప్పుడు ఆ పదార్థం ఏమవుతుంది? నీటి గుండా పోతుంది, గడ్డకట్టిన మంచు గుండా పోదు. లవణాలు గట్టిగా ఉన్నంతసేపూ కరెంటును ఆపుతాయి, కరిగిస్తే దారి ఇస్తాయి. ఈ వరుసలో ఒక్కొక్క పదార్థాన్నీ పరీక్షిస్తూ సిల్వర్ సల్ఫైడ్ దగ్గరకు వచ్చారు. వెండి కంచాలు, కుంకుమ భరిణెలు వాడకపోతే నల్లబడతాయే, ఆ నలుపు అదే. వెండి, గంధకం కలిసి అయ్యే పదార్థం. దాని ముక్కను రెండు లోహపు రేకుల మధ్య పెట్టి బ్యాటరీకి తగిలించారు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు ఏదో కదిలీ కదలనట్లు కదిలింది. కింద దీపం పెట్టి వేడిచేశారు. ముల్లు పెరిగింది. ఇంకా వేడిచేస్తే లోహం గుండా పోయినట్లే పోయింది. ముక్క కరగలేదు, గట్టిగానే ఉంది. దీపం తీసేస్తే చల్లారేకొద్దీ కరెంటు మళ్లీ సన్నగిల్లింది.

ఇందులో వింత ఏమిటంటే, లోహాలు దీనికి సరిగ్గా వ్యతిరేకం. రాగి తీగ వేడెక్కితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఆ సంగతి స్వయానా గురువు డేవీయే 1821లో చూపించారు. ఇక్కడేమో వేడికి అడ్డు తగ్గుతున్నది. ఎందుకో ఆనాడు చెప్పగలిగినవాళ్లు లేరు. ఎలక్ట్రాన్ అనే మాటే అప్పటికి పుట్టలేదు. దీనితో పనికివచ్చే వస్తువు ఏదైనా చేయవచ్చునని కూడా ఎవరికీ తోచలేదు. ఫారడే మాత్రం చూసింది చూసినట్లు రాసి, నంబరు వేసి, రాయల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించారు. ఆ ఫైలు సుమారు వంద సంవత్సరాలు బీరువాలో ఉండిపోయిందనుకోండి.

1930 ప్రాంతంలో అమెరికాలో సామ్యూల్ రూబెన్ అనే ఆయన వేడికి అడ్డు తగ్గే గుణాన్ని పట్టుకొని అమ్మకానికి పనికివచ్చే పరికరం చేశారు. దాని పేరు థర్మిస్టర్. తరువాత మాంగనీసు, నికెల్, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడులతో వీటిని మిరియపు గింజంత, అంతకన్న చిన్నవిగా కూడా చేయసాగారు. ఈ రూబెన్ గారే ఆ తరువాత వినికిడి యంత్రాల్లో, గడియారాల్లో వాడిన బిళ్ల బ్యాటరీని కూడా రూపొందించారు.

ఇప్పుడు మన మెట్ల కిందకు వస్తాను. గత రెండు మూడు వేసవుల్లో మన సభ్యులలో అనేకుల ఇన్వర్టర్ బ్యాటరీలు రెండేళ్లు నిండకుండానే చేతులెత్తేశాయి. మాది పల్నాడు. రెంటచింతల ఎండ సంగతి రేడియోలో, పేపర్లలో వినని తెలుగువాడుండడు. బ్యాటరీని డాబా మీది రేకుల గదిలో పెట్టినవాళ్లకు మరీ నష్టం. కొత్త బ్యాటరీ అంటే ఒక చిన్న పెన్షనరుకు నెల పెన్షన్‌లో పెద్ద భాగం. కుటుంబ పెన్షన్ తీసుకొనే ఆడవాళ్లకు ఇంకా కష్టం. ఒక మెకానిక్ అయితే అందరికీ ఒకటే మాట చెప్పి వెళ్లాడు: బ్యాటరీ మార్చాలని. ఎందుకు పోయిందో చెప్పలేదు. ఎందుకు పోయిందో నాకు మా వీధిలో ఉండే రిటైర్డ్ విద్యుత్ ఇంజనీరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. నేను సైన్సు చదివినవాడిని కాను గనుక, నాకు అర్థమైనది మీకూ అర్థమవుతుందని నమ్మకం.

పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ప్రతి గదిలో సీసపు ప్లేట్లు, యాసిడ్. దీన్ని మొదట 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేశారు. అప్పటికి ఫారడే బతికే ఉన్నారు. ఎంత కరెంటు పోతే ఎంత పదార్థం మారుతుందనే లెక్క మాత్రం ఫారడేదే, 1834 నాటికే తేల్చారు. ఒక్క ఆంపియర్-అవరుకు ఒక ప్లేటు మీద సుమారు 3.9 గ్రాముల సీసం మారుతుంది. 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పూర్తిగా వాడితే ప్రతి గదిలోనూ అరకిలోకు పైగా సీసం అటు మారి, ఛార్జింగ్‌లో మళ్లీ ఇటు మారుతుందన్నమాట. ఖాతా పుస్తకంలో జమ, ఖర్చు తేలినట్లే, ఒక్క గ్రాము తేడా రాదు. మారవలసిన సీసమంతా మారాక ఇంకా కరెంటు పంపితే ఆ కరెంటు నీటిని విడగొడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా పోతాయి. డిస్టిల్డ్ వాటర్ తరచు పోయవలసి రావడం అందుకే. ఆ వాయువు మంటకు అంటుకుంటుంది కనుక బ్యాటరీ దగ్గర దీపం, అగరుబత్తి పెట్టవద్దు, గాలి ఆడే చోట ఉంచండి.

బ్యాటరీలోకి ఎంత కరెంటు దూరుతుందనేది ఛార్జరు ఎన్ని వోల్టులు పెడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. అయితే వేడిమి కూడా ఒక చెయ్యి వేస్తుంది. వేడిగా ఉన్న బ్యాటరీ అవే వోల్టులకు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ కరెంటు లాగితే ఇంకా వేడెక్కుతుంది. వేడెక్కితే ఇంకా లాగుతుంది. సీలు చేసిన బ్యాటరీలలో ఇది ముదిరితే పెట్టె ఉబ్బిపోతుంది. 25 డిగ్రీలకు సరిపడేటట్లు అమర్చిన ఛార్జరు 45 డిగ్రీల గదిలో రోజంతా అదే వోల్టేజి పెట్టి కూర్చుంటే బ్యాటరీ నిదానంగా ఉడుకుతున్నట్లే. అసలు వేడిమి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఆ రంగంలో వాడుక లెక్క.

దీనికి మందు చాలా చిన్నది. వేడి పెరిగిన ప్రతి డిగ్రీకి గదికి 3 నుండి 5 మిల్లీవోల్టుల చొప్పున ఛార్జింగ్ వోల్టేజి తగ్గించాలి. గదికి 4 వేసుకుంటే ఆరు గదులకు 24. ఇరవై డిగ్రీలు పెరిగితే దాదాపు అర వోల్టు. అంటే 25 డిగ్రీల వద్ద 13.6 వోల్టులు పెట్టే ఛార్జరు 45 వద్ద 13.1 పెట్టాలి. చూడబోతే అర వోల్టే, కాని లోపలికి దూరే కరెంటులో వచ్చే తేడా పెద్దది. ఈ తగ్గింపును మనిషి చేయనక్కరలేదు, ఫారడే నలుసు చేస్తుంది. ఇంజనీరు గారు ఎమర్జెన్సీ దీపంలో వాడే చిన్న ఏడు ఆంపియర్-అవర్ల బ్యాటరీకి చేసి చూపించారు. ఎల్.ఎం.317 అనే మూడు కాళ్ల చిప్పు ఒకటి. బయటకు ఎన్ని వోల్టులు రావాలో దాని కింద పెట్టే రెసిస్టర్లు నిర్ణయిస్తాయి. కింది రెసిస్టరు విలువ తగ్గితే వోల్టేజి తగ్గుతుంది. ఆ కింది భాగంలో ఒక థర్మిస్టర్‌ను జత చేశారు. 25 డిగ్రీల దగ్గర పది వేల ఓములుండే థర్మిస్టర్ 45 దగ్గర నాలుగు వేల చిల్లరకు దిగుతుంది. అంత దూకుడు పనికిరాదు కనుక పక్కన మామూలు రెసిస్టర్లు పెట్టి దాని ఊపు తగ్గించారు. బ్యాటరీ వేడెక్కితే నలుసులో అడ్డు తగ్గుతుంది, చిప్పు వోల్టేజి తగ్గిస్తుంది, కరెంటు తగ్గుతుంది. చల్లబడితే అన్నీ తిరిగి పైకి వస్తాయి. ఇది చలికాలంలోనూ మేలే, ఎందుకంటే చలిలో వోల్టేజి చాలక బ్యాటరీ సగం కడుపుతో ఉండి, ప్లేట్ల మీద తెల్లటి పెచ్చు కట్టి పాడవుతుంది.

థర్మిస్టర్ దొరకకపోతే పది మామూలు సిలికాన్ డయోడ్లను వరుసగా కలిపి కూడా ఇదే పని చేయించవచ్చునట. ఒక్కొక్క డయోడ్ డిగ్రీకి రెండు మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది, పదింటికి ఇరవై. లెక్క దాదాపు సరిపోయింది. ఇందులో ఒక్కటే జాగ్రత్త. నలుసును ఛార్జరు పెట్టెలో పెడితే అది ఛార్జరు వేడిని చెబుతుంది, బ్యాటరీ వేడిని కాదు. బ్యాటరీ పక్క గోడకో, టెర్మినల్‌కో అంటించాలి. పెద్ద ఇన్వర్టర్లకు ఈ ఏర్పాటు కొన్నిటిలో కంపెనీయే ఇస్తుంది. కొనేటప్పుడు బ్యాటరీకి వేడి కొలిచే తీగ ఉందా అని అడగండి. ఉన్న ఇన్వర్టర్‌ను విప్పి మీరే చేయబోకండి. తెలిసినవారితో చేయించండి.

ఇక రెండవ సంబంధం, పెన్షన్. ఫారడేకు రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఇచ్చే జీతం ఏడాదికి నూరు పౌన్లు, ఇల్లు, బొగ్గు, కొవ్వొత్తులు. కంపెనీలకు సలహాలిచ్చి 1830 ప్రాంతంలో ఏడాదికి వెయ్యి పౌన్ల దాకా సంపాదించిన మనిషి, పరిశోధనకు సమయం చాలడం లేదని ఆ సంపాదనను తనంతట తానే వదులుకున్నారు. 1835లో ప్రధానమంత్రిగా ఉన్న సర్ రాబర్ట్ పీల్ ఆయనకు పెన్షన్ ఇవ్వాలనుకున్నారు. అంతలో ఆ ప్రభుత్వం పడిపోయింది. పెన్షన్ మాట వినగానే ఫారడే మొదట వద్దని ఉత్తరం రాయబోయారు. తన కష్టం తాను చేసుకోగలనని ఆయన అభిప్రాయం. మామగారు నచ్చజెప్పి ఆపారు. ఇంటికొక పెద్దమనిషి ఉండాలంటారు, ఇందుకే కాబోలు.

కొత్త ప్రధానమంత్రి లార్డ్ మెల్‌బోర్న్ అక్టోబరులో ఫారడేను పిలిపించారు. మాటల మధ్య, శాస్త్రవేత్తలకూ రచయితలకూ పెన్షన్లివ్వడమనేది ఒట్టి బూటకం అన్న అర్థం వచ్చేటట్లు, కొంచెం మోటు విశేషణం కూడా తగిలించి మాట్లాడారు. ఫారడే లేచి నమస్కరించి వచ్చేశారు. వాదించలేదు. ఆ సాయంత్రమే తన పేరు కార్డుతో పాటు ఒక చిన్న ఉత్తరం ప్రధానమంత్రి ఆఫీసులో ఇచ్చి వచ్చారు. అటువంటి అభిప్రాయం ఉన్నవారి చేతి మీదుగా వచ్చే పెన్షన్ తనకు అక్కరలేదని అందులోని సారాంశం. ప్రధానమంత్రి మొదట నవ్వి ఊరుకున్నారట. సంగతి బయటకు పొక్కింది, పత్రికలకెక్కింది. ఇద్దరికీ పరిచయమున్న ఒక పెద్దింటి ఆవిడ మధ్యవర్తిత్వం చేసింది. ఏమి చేస్తే సమ్మతిస్తారని ఆవిడ అడిగితే, ప్రధానమంత్రి తన మాటలకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి, ఆయన అటువంటిది చెబుతారని తాను ఆశించడం లేదు అని ఫారడే బదులిచ్చారు. మెల్‌బోర్న్ చెప్పారు. ఆయన పెద్దరికం కూడా అక్కడ తెలుస్తుంది. డిసెంబరులో ఏడాదికి మూడు వందల పౌన్ల పెన్షన్ మంజూరైంది.

రాతపూర్వకంగా అన్న చోట నాకు చేతులెత్తి నమస్కరించాలనిపించింది. నోటిమాట ఫైలులో ఉండదని మన గుమాస్తాలకు తెలిసినట్లు ఎవరికి తెలుసు? మనకు ఆ రాత 1982 డిసెంబరు 17న వచ్చింది. డి.ఎస్. నకారా కేసులో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ అధ్యక్షతన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పెన్షన్ అనేది యజమాని దయతో వేసే దానం కాదని, చేసిన సేవకు వచ్చే హక్కని తేల్చింది. ఈ సంచిక వెలువడేది ఆ రోజు పేరు మీదనే. చట్టం దృష్టిలో ఫారడే పెన్షన్ అటువంటి హక్కు కాదు, అది ప్రభుత్వం తన ఇష్టం కొద్దీ ఇచ్చేది. హక్కు లేని చోట కూడా మర్యాద లేకుండా తీసుకోననడానికి ఎంత నిబ్బరం కావాలి! ఇంట్లో దాచుకున్నది పెద్దగా ఏమీ లేదు మరి.

తరువాతి సంవత్సరం నుండి సముద్రపు దీపస్తంభాలు చూసే ట్రినిటీ హౌస్‌కు శాస్త్ర సలహాదారుగా దాదాపు ముప్పై ఏళ్లు పనిచేశారు. దీపపు గదుల్లో పొగ, చెమ్మ అద్దాలకు పట్టకుండా ఒక గొట్టం ఏర్పాటు చేశారు. దాని పేటెంటు తాను ఉంచుకోకుండా అన్న రాబర్ట్‌కు ఇచ్చారు. ఆనాటి షిల్లింగుల బాకీ అలా తీరిందనుకుంటాను. 1845లో అయస్కాంతం వెలుతురును కూడా మలుపు తిప్పగలదని చూపించారు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు ఉపన్యాసాలిచ్చేవారు, పంతొమ్మిది సంవత్సరాల పాటు ఇచ్చారు. ఒక్క కొవ్వొత్తిని పట్టుకొని ఆరు ఉపన్యాసాలు చెప్పారంటే పిల్లలకు ఎంత సంబరమో ఊహించుకోండి. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామంటే వద్దన్నారు. ఉత్త మైకేల్ ఫారడేగానే ఉండిపోతానన్నారు.

ముదిమిలో ఆయనను బాధించినది మతిమరుపు. 1840 ప్రాంతంలోనే తలతిప్పు, జ్ఞాపకం తప్పడం మొదలై కొన్నేళ్లు పని మానవలసి వచ్చింది. కోలుకున్నా అది పూర్తిగా విడువలేదు. నిన్న చేసిన ప్రయోగాన్ని మరచి మళ్లీ చేసిన సందర్భాలున్నాయి. నంబర్లు వేసిన నోటు పుస్తకం అప్పుడు ఆయనకే దిక్కయింది. ఉత్తరం రాస్తూ మధ్యలో మాట మరచి చింపేసేవారు. మన ఇళ్లలోనూ ఇటువంటి పెద్దలున్నారు. వారి మీద విసుక్కొనే పిల్లలు సారా గారి సంగతి తెలుసుకోవాలి. ఆవిడ ఆఖరు దాకా ఆయనకు జ్ఞాపకంగా నిలిచింది.

1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఒక ఇల్లు ఉచితంగా ఇచ్చారు. ఇంటికి మరమ్మతులు కావాలి, అంత ఖర్చు భరించగలనా అని ఆయన వెనుకాడితే, రాణిగారే మరమ్మతులు చేయించారు. 1862 జూన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చివరి శుక్రవారపు ఉపన్యాసం ఇచ్చారు. 1865 నాటికి ఒక్కొక్క బాధ్యతా అప్పగించి హాంప్టన్ కోర్టుకు చేరారు. అక్కడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చొని పొద్దుగుంకడం చూడడం ఆయనకు ఇష్టం. 1867 ఆగస్టు 25న ఆ ఇంట్లోనే, తన చదువు గదిలో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్లే కన్నుమూశారు. వయస్సు 75. రాజులనూ మహాకవులనూ ఉంచే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో కాక, ఆయన కోరిక ప్రకారం హైగేట్ శ్మశానంలో, అయినవాళ్లు కొద్దిమంది సమక్షంలో ఖననం చేశారు. రాతి పలక మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కారు. 1879లో సారా గారిని కూడా అక్కడే, ఆయన పక్కనే ఉంచారు.